ఇంద్రకీలాద్రిపై అమ్మవారి దర్శనానికి వెళ్లేవారికి

విజయవాడకు మొదటిసారి వచ్చే భక్తులు చాలామంది ఘాట్ రోడ్డు మీదుగా ఇంద్రకీలాద్రి పైకి చేరి, కనకదుర్గమ్మ దర్శనం కాగానే అదే దారిన దిగిపోతుంటారు. వృద్ధులకూ చంటిపిల్లల తల్లులకూ ఆ దారి, మహామండపంలోని లిఫ్టులూ ఎంతో ఆసరా. కాళ్లలో సత్తువ ఉన్నవారు మాత్రం మెట్ల దారినే ఎక్కాలని నా కోరిక.

తెల్లవారుజామునే దుర్గాఘాట్‌లో కృష్ణాస్నానం చేసి, నీరు తక్కువగా ఉంటే తలపై చల్లుకొనైనా, సంప్రదాయ దుస్తులు ధరించి బయలుదేరాలి. మెట్ల పూజ మొక్కుకున్నవారు ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కుతారు కనుక అవి ఇంటినుంచే సరిపడా తెచ్చుకోవడం మేలు. తడి పసుపు మీద కాలు జారుతుంది. వెనుక వచ్చేవారు చూసి అడుగు వేయాలి.

గర్భాలయం ఎదుట నిలిచే వ్యవధి కొన్ని క్షణాలే. ఆ క్షణాల్లోనే కోరికలన్నీ చెప్పుకోవాలని కళ్లు మూసుకుంటే, తెరిచేలోగా ముందుకు కదలవలసి వస్తుంది. గోత్రనామాలూ మొక్కులూ వరుసలో ఉండగానే మనసులో విన్నవించుకొని, ఎదుటికి రాగానే ఎనిమిది చేతులతో మహిషాసురుణ్ణి మర్దిస్తున్న ఆ తల్లిని కన్నులారా చూడండి. మా అమ్మ నాకు చిన్నప్పుడు నేర్పింది ఇదే, ఇప్పటికీ నేను తప్పను.

అమ్మవారిని చూసి మల్లేశ్వరస్వామిని మరచి దిగిపోవడం సరికాదు. బ్రహ్మ మల్లెపూలతో అర్చించినందున స్వామికి ఆ పేరు వచ్చిందనీ, పాశుపతం కోసం అర్జునుడు తపస్సు చేసింది ఈ కొండమీదనేననీ స్థలపురాణం చెబుతుంది.

దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా అమ్మవారు సరస్వతిగా దర్శనమిచ్చే మూలానక్షత్రం నాడు, అలాగే ఎర్రని వస్త్రాలతో ఇరుముడి మోసుకొచ్చే భవానీల దీక్ష విరమణ రోజుల్లో వరుసలు గంటల తరబడి సాగుతాయి. ఆ జనసందోహంలో నడవడమూ ఒక భాగ్యమే అయినా, పిల్లలతో వచ్చేవారు శుక్ర, ఆదివారాలు కాని మామూలు రోజును ఎంచుకోవాలి. నన్నడిగితే ఆషాఢమాసంలో, ఆలయమంతా కూరగాయలతో, ఆకుకూరలతో, పండ్లతో నిండిపోయే శాకంభరీ ఉత్సవాలకు ఒక్కసారైనా రావాలి. పౌర్ణమి నాడు వచ్చేవారు గిరిప్రదక్షిణ కూడా చేయవచ్చు. అది కొండ చుట్టూ కొన్ని కిలోమీటర్ల నడక కనుక ఎండెక్కకముందే మొదలుపెట్టి, దర్శనానికి వేరుగా సమయం ఉంచుకోవాలి.