అడుగు ఎన్నిసార్లు లాగినా తెల్లారేసరికి మళ్ళీ మురికే

ఆదివారం సైఫన్ పైపుతో అక్వేరియం అడుగున ఉన్న మురికంతా లాగేశారు. సోమవారం పొద్దున చూస్తే రాళ్ల మీద మళ్ళీ గోధుమరంగు నలుసులు. నీళ్లు కాస్త మసకగా ఉన్నాయి, మూత తీస్తే మురుగు వాసన.

ముందు చూడాల్సింది మేత. మా భీమవరం వైపు రొయ్యల రైతు చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే పళ్లెం) ఎంత మిగిలిందో చూసి గానీ తర్వాతి మేత వేయడు. ఇంట్లో అక్వేరియానికి మాత్రం పొద్దున పిల్లలు వేస్తారు, వాళ్లు వేశారని తెలియక పెద్దవాళ్లూ వేస్తారు. వేసిన మేతను చేపలు రెండు మూడు నిమిషాల్లో తినేయాలి. ఆ తర్వాత కూడా అడుగున గింజలు కనిపిస్తే, మీరు లాగుతున్న దాంట్లో సగం నానిన మేతే. సగానికి తగ్గించి ఒక వారం చూడండి. దయచేసి ఈ పని చేయకుండా కొత్త ఫిల్టర్ కొనకండి. నేను బాగుచేసిన అక్వేరియంలలో చాలావరకు ఇక్కడితోనే సరిపోయాయి.

మేత తగ్గించినా మురికి వస్తోందంటే, రాళ్ల కింద చిల్లుల ప్లాస్టిక్ ప్లేటు ఉందేమో చూడండి. అండర్ గ్రావెల్ ఫిల్టర్ అంటే అదే. మూలన నిలువు గొట్టంలో బుడగలు నీటిని పైకి లాగుతుంటే, పై నీరు రాళ్ల సందుల్లోంచి కిందికి దిగుతుంది. దాంతోపాటే చేపల మలమూ దిగి ప్లేటు కింద పేరుకుంటుంది. సైఫన్ పైపు అక్కడికి అందదు. పైన రాళ్లు మెరుస్తుంటాయి, కింద ఏళ్లనాటి బురద ఉంటుంది. కరెంటు పోయి వచ్చి బుడగల గాలి మోటారు మళ్ళీ తిరిగిందంటే ఆ బురదలో కొంత గొట్టంలోంచి పైకి వచ్చి రాళ్ల మీద వాలుతుంది.

ఫోన్ టార్చి అడుగు అంచున అద్దానికి ఆనించి చూడండి. ప్లేటు కింద నల్లటి పట్టీలా కనిపిస్తే కారణం దొరికినట్టే.

ఇది మొదటిసారి చూసినప్పుడు నేను చేపలుండగానే ప్లేటు ఎత్తేశాను. సిరా ఒలికినట్టు నల్లగా లేచింది, కుళ్లిన కోడిగుడ్డు వాసన. తెల్లారేసరికి మూడు గోల్డ్‌ఫిష్‌లు చచ్చిపోయాయి. గాలి తగలని బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన అది. చెరువు అడుగు నల్లబడితే రైతులు టెన్షన్ పడేది కూడా దానికే. ప్లేటు ఎత్తకండి.

మోటారు ఆపి, గొట్టంలోంచి బుడగలు వదిలే రాయిని, అంటే ఎయిర్ స్టోన్‌ను తీసేయండి. అదే గొట్టంలోకి నీళ్లు నింపిన సన్నటి ట్యూబును అడుగు తగిలేదాకా దించి, బొటనవేలితో మూసిన రెండో కొసను కింద బకెట్లో పెట్టి వదలండి. మొదట డికాషన్ రంగులో వస్తుంది. పావు వంతు నీళ్లు పోగానే ఆపేయండి, మిగతాది వచ్చే వారం. తేట నీళ్లు వచ్చేదాకా వారం వారం ఇలాగే చేయాలి. రాళ్లన్నీ తీసి కుళాయి కింద కడగొద్దు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం, అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా వాటి మీదే ఉంటుంది, కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. తిరిగి పోసే కుళాయి నీళ్లను కూడా ఒక రోజు బకెట్లో నిలవ ఉంచండి. ఎయిర్ స్టోన్ కొత్తది వేయండి. పాతది మూసుకుపోయి బుడగలు తగ్గితే ప్లేటు కింద నీరు కదలదు, బురద అక్కడే కుళ్లుతుంది.

ఇక మిగతావి అరుదు. వరదల రోజుల్లో ఎర్రటి కాలువ నీళ్లు తేరనివ్వకుండా పోస్తే అడుగున చేరేది ఒండ్రు, మలం కాదు. బొమ్మ వెనకాల చచ్చిన నత్త ఉంటే తీసి పారేయండి.