సంక్రాంతి సెలవుల ముందు కౌన్సెలింగ్ క్లాసులు: ముందే చూసుకోవాల్సినవి

తిరుపతి, చిత్తూరు వైపు బడుల్లో ఈ క్లాసులు ప్లాన్ చేస్తున్న టీచర్ల కోసం.

– ఇంట్లో కొట్టడం, చావు, భయం లాంటి బరువైన విషయాలు ఆఖరి రోజు ఎత్తొద్దు. పిల్ల మనసు విప్పి చెప్పేస్తుంది, మర్నాడే బడి మూసేస్తారు, ఇక సెలవులన్నీ ఆ ఇంట్లోనే, పలకరించే దిక్కుండదు. కనీసం వారం ముందే పెట్టుకోండి.

– "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు. లైంగిక వేధింపని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

– చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు నోటుబుక్ అట్ట లోపల రాయించండి, బోర్డు మీద రాస్తే బడిలోనే ఉండిపోతుంది. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం.

– "పండక్కి నాన్న ఏం తెస్తున్నాడు?" అని అందరి ముందూ అడగొద్దు. అమ్మ కువైట్‌లో, నాన్న బెంగళూరులో ఉంటే అవ్వ దగ్గర పెరిగే పిల్లలు మన దగ్గర ఉన్నారు. ఆ ప్రశ్నకు తలొంచుకుని, చెక్కిన పెన్సిల్‌నే మళ్లీ చెక్కుతూ కూర్చునేవాడిని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. "సెలవుల్లో నీకు నచ్చే పని ఏంటి?" అని అడగండి, ఎవరైనా చెప్పగలరు.

– "వద్దు" అనడం నేర్పేటప్పుడు మన ఊళ్ల సంగతే తీసుకోండి: పశువుల పండగలో పరిగెత్తే ఎద్దు కొమ్ములకు కట్టిన పలకలు లాగుదాం రారా అని అన్నలు పిలిస్తే ఏమంటావు? జవాబు పిల్లలతోనే చెప్పించండి, మనం చెబితే వినరు.

– బడి తెరిచాక మొదటి వారంలో ఒక పీరియడ్ ఇప్పుడే అడిగి పెట్టుకోండి. తర్వాత పరీక్షల హడావుడిలో ఎవరూ ఇవ్వరు.