మూకీ సినిమా మొదటిసారి చూసేవాళ్లకు

మూకీ అనగానే కీ ఇచ్చిన బొమ్మల్లా గబగబా నడిచే మనుషులే గుర్తొస్తారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఎక్కడో దొరికిన కాపీలో చాప్లిన్ 'గోల్డ్ రష్' పెట్టి, పది నిమిషాలకే తలనొప్పి వచ్చి ఆపేశాను. తప్పు సినిమాది కాదు, ఆ కాపీదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుకే ముందు వేగం సంగతి చూసుకోండి.

అప్పట్లో కెమెరాని చేత్తో తిప్పేవాళ్లు. సెకనుకు 16, 18, 20 ఫ్రేములు (అంటే విడివిడి బొమ్మలు), ఇలా ఒక్కో సినిమాకి ఒక్కో లెక్క. టాకీలు వచ్చాక 24 స్థిరపడింది. 16తో తీసినదాన్ని 24తో ఆడిస్తే మనిషి ఒకటిన్నర రెట్లు వేగంగా నడుస్తాడు. కాబట్టి మొదట్లో కాసేపు హీరోని వదిలేసి, వెనకాల ఊరికే నడిచిపోయేవాళ్లను చూడండి. వాళ్ల నడక మామూలుగా ఉంటే కాపీ మంచిదే. కాళ్లు టకటకలాడుతుంటే ప్లేయర్‌లో వేగాన్ని 0.75కి తగ్గించండి, 24 కాస్తా 18 అవుతుంది. సంగీతం కూడా సాగుతుంది కాబట్టి మ్యూట్ చేసేయండి. ఛేజింగ్ సీన్‌లో మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. కామెడీవాళ్లు కావాలనే కెమెరాని నెమ్మదిగా తిప్పి, తెర మీద పరుగు పెంచేవారు.

ఇంత గొడవ ఎందుకంటే, వేగం కుదిరితేనే ముఖాలు కనిపిస్తాయి. మూకీలో ఉన్నదంతా ముఖంలోనే ఉంది.

ఏది ముందు చూడాలంటే, 1903లో వచ్చిన 'ది గ్రేట్ ట్రైన్ రాబరీ'. పన్నెండు నిమిషాలే. దొంగల నాయకుడు నేరుగా మన వైపు తుపాకీ పేల్చే షాట్ కోసమైనా చూడాలి. ఆ తర్వాత 1916 నాటి 'హెల్స్ హింజెస్'. అందులో విలియం ఎస్. హార్ట్ ముఖం దాదాపు కదలదు. కళ్లు కొంచెం చిన్నవవుతాయి, అంతే, అతని మనసు మారుతోందని మనకు తెలిసిపోతుంది. ఫోన్ పక్క గదిలో పెట్టి చూడండి. టాకీలో తల తిప్పినా చెవులు కథ అందిస్తాయి. ఇక్కడ ఆ సాయం లేదు. తెర ఉన్నట్టుండి నీలంగా మారితే కంగారు పడకండి, అది రాత్రి అని చెప్పడానికి వేసిన రంగు.

ఇలాంటి వెస్టర్న్‌లు, అంటే కౌబాయ్ సినిమాలు, ఒకటి రెండు అయ్యాకే కామెడీ నటుడు బస్టర్ కీటన్ 'గో వెస్ట్' (1925) పెట్టుకోండి. ముందే చూస్తే అసలు సీన్ చేజారిపోతుంది. కీటన్ తన సినిమాల్లో నవ్వడు. ఇందులో పేకాటలో ఎదుటివాడు మోసం చేశాడని పట్టుకుంటాడు. వాడు తుపాకీ తీసి, ఆ మాట నవ్వుతూ అనమంటాడు. కౌబాయ్ కథల్లో అప్పటికే పేరుపడ్డ డైలాగ్ అది. కీటన్ రెండు వేళ్లు పెదవుల చివర్లకు ఆనించి మెల్లగా పైకి నెడతాడు. పెదవులు నవ్వుతాయి, కళ్లు మాత్రం అలాగే ఉంటాయి. ఆ కళ్లు చూసి నాకు ఏడుపొచ్చింది. వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాను.

అన్నట్టు, 'గోల్డ్ రష్' 1925 నాటిదే వెతకండి. 1942లో చాప్లిన్ టైటిల్ కార్డులు (మధ్యమధ్యలో మాటలు రాసి చూపించేవి) తీసేసి తన గొంతుతో వ్యాఖ్యానం పెట్టాడు. అది తర్వాత చూడొచ్చు.