ట్రక్కు ఇంజిన్ టైమింగ్ పనికి ముందు: విడిభాగాల ఎంపికలోనూ సన్నాహంలోనూ తీసుకోవలసిన జాగ్రత్తలు

టైమింగ్ పనిలో పొరపాటు ఎంత చిన్నదైనా దాని నష్టం చిన్నది కాదు. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్కను నిలబెట్టేది చైనో, బెల్టో, గేర్లో అయి ఉంటుంది. ఆ లెక్క కొన్ని పళ్ళు తప్పితే చాలా ఇంజిన్లలో తెరుచుకుని ఉన్న వాల్వును పైకి వచ్చే పిస్టన్ గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టన్ కూడా పగులుతుంది. అందువల్ల ఈ పనికి కావలసిన జాగ్రత్తలో ఎక్కువ భాగం పానా చేతిలోకి తీసుకోకముందే తీసుకోవాలి.

మొదట ఈ పని నిజంగా అవసరమా అన్నది తేల్చుకోవాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు క్షణాలు ముందువైపు నుంచి గలగల శబ్దం రావడం, స్కానర్‌లో పి0016 వంటి కోడ్ కనిపించడం చైను అరిగిందనడానికి సూచనలే గాని రుజువులు కావు. క్రాంక్, క్యామ్ స్థానాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. ఆయిల్ మట్టం తగ్గినా, తప్పు గ్రేడు ఆయిల్ పోసినా, సెన్సార్ వైరు తెగినా అదే కోడ్ రావచ్చు. చైనును బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే రకమైతే డిప్ స్టిక్ తీసి చూడకుండా చైను మార్చాలని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది.

విడిభాగాలను బండి మోడల్ పేరుతో కొనకూడదు. ఒకే మోడల్‌లో ఒకే ఏడాదిలోనే టెన్షనర్ రకం, చైనును దారిలో నిలిపే గైడు బోల్టు రంధ్రాల దూరం మారిపోయిన సందర్భాలు ఉంటాయి కాబట్టి, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఇచ్చి పార్టు నంబరు రాయించుకుని, ఆ నంబరుతోనే సరుకు తెప్పించుకోవాలి. చైను ఒక్కటే మార్చి, అది ఎక్కి తిరిగే పళ్ళ చక్రాలైన పాత స్ప్రాకెట్లను వదిలేయడం నా దృష్టిలో పొదుపు కాదు, ఎందుకంటే కొక్కెంలా వంగిన పాత పళ్ళు కొత్త చైనును త్వరగా పాడుచేస్తాయి. చైను, స్ప్రాకెట్లు, గైడులు, టెన్షనర్, ఫ్రంట్ కవర్ గ్యాస్కెట్, క్రాంక్ ఆయిల్ సీల్ ఒకే సెట్టుగా ఉండాలి. వాటర్ పంపు అదే కవర్ వెనుక ఉంటే దాన్నీ ఇప్పుడే మార్చుకోవడం మంచిది. క్యామ్ కోణాన్ని నడుస్తుండగానే మార్చే క్యామ్ ఫేజర్లు ఉన్న ఇంజిన్‌లో వాటి ఆటను, అంటే వదులును, కూడా పరీక్షించాలి. బెల్టు ఉన్న ఇంజిన్ అయితే కిలోమీటర్లతో పాటు బెల్టు వయసునూ లెక్కలోకి తీసుకోవాలి, కొత్త బెల్టును మడత పెట్టకూడదు, ఆయిల్‌లోనే నడిచే రకం కాకపోతే దానికి ఆయిల్ తగలనివ్వకూడదు.

సరుకు చేతికి వచ్చాక డబ్బా మీది అక్షరాలను మాత్రమే నమ్మకండి. లింకులు లెక్కపెట్టండి, స్ప్రాకెట్ పళ్ళు లెక్కపెట్టండి, విప్పిన పాత భాగం పక్కన కొత్తదాన్ని ఆనించి ప్రతి రంధ్రాన్నీ సరిచూడండి. పాత చైనునూ కొత్త చైనునూ ఒకే మేకుకు పక్కపక్కన వేలాడదీస్తే, అరిగిన చైను కింది అంచు కాస్త దిగి కనిపిస్తుంది. అది ఇనుము సాగడం వల్ల వచ్చిన పొడవు కాదు. ప్రతి లింకులోనూ పిన్నుకూ బుష్‌కూ మధ్య కొద్దికొద్దిగా జరిగిన అరుగుదల అంతా కలిసి అక్కడ అలా కనిపిస్తుంది.

క్రాంక్ పుల్లీ బోల్టు, క్యామ్ స్ప్రాకెట్ బోల్టులు చాలా ఇంజిన్లలో ఒక్కసారి వాడకానికే చేసినవి. ముందు టార్క్, తరువాత ఇన్ని డిగ్రీలు అని చెప్పి బిగించే బోల్టు బిగిసేటప్పుడు స్వల్పంగా సాగుతుంది, అందుకే దాన్ని తిరిగి వాడకూడదు. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ స్ప్రాకెట్‌కు జారకుండా ఆపే కీ (గాడిలో కూర్చునే చిన్న లోహపు ముక్క) ఉండదు, అది బోల్టు బిగువుతోనే నిలుస్తుంది; అక్కడ పాత బోల్టు పెట్టడమంటే టైమింగ్ మొత్తాన్ని దాని మీద పందెం కాయడమే. సీలు విషయంలోనూ ఒక తేడా ఉంది. రబ్బరు పెదవి ఉన్న సీలుకు ఆయిల్ రాసి ఎక్కిస్తారు, టెఫ్లాన్ పెదవి ఉన్న సీలును మాత్రం పొడిగానే ఎక్కించాలి.

బండిని సమతలంగా నిలిపి చక్రాలకు దిమ్మెలు వేసి, బ్యాటరీ నెగెటివ్ తీగను ముందుగా తీయాలి. క్యాబిన్ వంచే ట్రక్కులో లాక్ కడ్డీ పూర్తిగా పడిందో లేదో కంటితో చూసుకోకుండా దాని కిందికి తల పెట్టకూడదు. రేడియేటర్ మూతను ఇంజిన్ చల్లారాకే తెరవాలి. కామన్ రైల్ డీజిల్ ఇంజిన్‌లో ఇంధన ప్రెషర్ 1,600 బార్లు దాటగలదు, కాబట్టి ఇంజిన్ ఆపి, ప్రెషర్ పూర్తిగా దిగిందని నిర్ధారించుకునే దాకా ఆ పైపుల జోలికి వెళ్ళవద్దు; ఆ ధార చర్మంలోకి దూసుకుపోతే పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

విప్పేముందు మొదటి సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పై చివరకు తెచ్చి మార్కులన్నీ కలిపి, ఆ స్థితిలోనే ఫోటోలు తీసి పెట్టుకోవాలి. పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకి వస్తుంది కాబట్టి, క్రాంక్ మార్కు కలిసినంత మాత్రాన కంప్రెషన్‌లో ఉందని అనుకోకూడదు. క్యామ్ మార్కును కూడా చూసుకోవాలి. చైను తీసిన మరుక్షణం వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ షాఫ్ట్ తనంతట తాను ఎగిరి తిరగవచ్చు, అందుకే ఆ ఇంజిన్‌కు చెప్పిన లాకింగ్ టూల్స్ ముందే చేతికి అందేలా ఉండాలి. అవి స్థానాన్ని నిలబెట్టడానికే తప్ప బోల్టు బిగించే బలాన్ని తట్టుకోవడానికి కాదు. బిగించేటప్పుడు పుల్లీని పట్టుకోవడానికి వేరే సాధనం ఉండాలి.

గైడులు విరిగిన ఇంజిన్ అయితే అడుగున ఉన్న ఆయిల్ ఛాంబర్ దించక తప్పదు. నేను విప్పిన ఒక ఇంజిన్‌లో ఫ్రంట్ కవర్ కింద రెండు ముక్కలే కనిపించాయి. మిగిలినవి ఆయిల్ పంపు జాలీకి అంటుకుని, వేలిగోరంత ముదురు గోధుమ రంగు పెచ్చులుగా దొరికాయి. వాటిని తెల్లగుడ్డ మీద కొత్త గైడు పక్కన పేర్చి చూసుకున్నాకే, ఏ ముక్కా లోపల మిగల్లేదని నమ్మకం కుదిరింది. గ్యాస్కెట్ ముఖాన్ని శుభ్రం చేయడానికి తిరిగే రాపిడి బిళ్ళలు వాడవద్దు; ఆ పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులను గీరేస్తుంది. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో ఓపికగా గీకి, కింద తెరుచుకుని ఉన్న భాగాన్ని గుడ్డతో మూసి ఉంచాలి.

గేర్లతో నడిచే భారీ డీజిల్ ఇంజిన్‌లో సాగే చైను లేకపోయినా, రెండు గేర్ల మధ్య ఉండే ఐడ్లర్ గేరు బుష్ అరుగుతుంది. అక్కడ పళ్ళ మధ్య ఆటను డయల్ గేజ్‌తో కొలిచి, మాన్యువల్ చెప్పిన హద్దులో ఉందో లేదో చూడాలి. ఇంధన పంపు టైమింగునూ, ట్యాపెట్ క్లియరెన్సునూ (వాల్వును నొక్కే భాగం దగ్గర వదలాల్సిన సందునూ) ఆ తరువాత సరిచేయాలి.

టెన్షనర్‌ను అణిచి ఉంచే పిన్నును మార్కులన్నీ కలిశాయని రెండోసారి చూసుకున్నాకే లాగాలి. ఆ తరువాత సెల్ఫ్ కొట్టకుండా, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే చేత్తో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టకుండా ఆగి కారణం వెతకాలి. రెండు చుట్ల తరువాత స్ప్రాకెట్ల మార్కులు తిరిగి కలుస్తాయి గాని, బిగించేటప్పుడు మార్కులతో కలపడానికి చైను మీద ఇచ్చిన రంగు లింకులు మాత్రం కలవవు; అవి తిరిగి అదే చోటికి రావడానికి చాలా చుట్లు పడుతుంది. ఇది తెలియక కంగారుపడి సరిగ్గా ఉన్న పనిని మళ్ళీ విప్పేవారు ఉన్నారు.

సీలెంట్ ఆరడానికి డబ్బా మీద చెప్పిన సమయం ఇచ్చి, కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి, ఇంధనం అందకుండా చేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చే దాకా సెల్ఫ్‌తో కొద్దికొద్దిసేపు తిప్పాలి. స్టార్ట్ అయ్యాక ఇంజిన్‌ను ఐడిల్‌లోనే ఉంచి, కవర్ కింది అంచున టార్చి వేసి చూడాలి. ఇంజిన్ ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లారిన తరువాత కూలెంట్, ఆయిల్ మట్టాలను మళ్ళీ చూసి, అప్పుడే బండికి లోడు ఎక్కించాలి.