54 గంటల స్టార్టప్ వీకెండ్: శనివారం పగలే అసలు ఆట

కొత్త వ్యాపార ఐడియాతో అక్కడికక్కడే టీమ్ కట్టి, తొలి నమూనా తయారుచేసి జడ్జీలకు చూపించే పోటీ ఇది. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం రాత్రికి ముగిసే ఈ పోటీకి లెక్క 54 గంటలు. 2007లో అమెరికాలోని బౌల్డర్‌లో ఆండ్రూ హైడ్ మొదలుపెట్టిన స్టార్టప్ వీకెండ్‌తో ఈ పద్ధతి పేరు తెచ్చుకుంది. వేరే పేర్లతో జరిగేవి కూడా దాదాపు అదే వరుసలో నడుస్తాయి: శుక్రవారం పిచ్‌లు (ఐడియాను క్లుప్తంగా చెప్పడం), ఓట్లు, టీమ్‌లు, శనివారమంతా పని, ఆదివారం జడ్జీల ముందు ప్రదర్శన. నిద్ర, భోజనాలు, ఓటింగ్, ప్రదర్శనలు తీసేస్తే చేతికి మిగిలేది ఇంచుమించు 25 గంటలు. అందులోనూ కస్టమర్లు దొరికేది శనివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకానే. కోడ్ అర్ధరాత్రి కూడా రాసుకోవచ్చు. ముక్కూమొహం తెలియని మనిషికి అర్ధరాత్రి ఫోన్ చేయలేం కదా. ప్లాన్ మొత్తం ఆ ఎనిమిది గంటల చుట్టూ వేసుకోండి.

వెళ్లేముందు

ముందే రాసిన కోడ్, ముందే నడుస్తున్న కంపెనీ తీసుకురాకూడదన్నది సాధారణంగా ఉండే నియమం. ఓపెన్ సోర్స్ లైబ్రరీలకు (ఎవరైనా వాడుకునేలా బయట పెట్టిన రెడీమేడ్ కోడ్‌కు) అభ్యంతరం ఉండదు, అయినా ఆ పోటీ నియమాలు ఒకసారి చదవండి. కోడ్ రిపాజిటరీ (టీమంతా కోడ్ దాచుకునే చోటు), హోస్టింగ్ (వెబ్‌సైట్‌ను నెట్‌లో నడిపే సేవ), డిజైన్ టూల్, ఫారమ్‌లు, వీటికి అకౌంట్లు ఇంట్లోనే తెరిచిపెట్టుకోండి. ఓటీపీలు, వెరిఫికేషన్ మెయిళ్ల కోసం శనివారం ఉదయం అరగంట పోగొట్టుకునే టీమ్‌లు చాలానే ఉంటాయి. ఛార్జర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు, ప్రొజెక్టర్‌కు పెట్టే హెచ్‌డీఎమ్‌ఐ అడాప్టర్, మొబైల్ డేటా తప్పనిసరి. హాల్లో ఉన్న వాళ్లందరూ ఒకే వైఫై మీద పడ్డాక అది నత్తనడక నడుస్తుంది.

శుక్రవారం: నిమిషం పిచ్

ఐడియా చెప్పడానికి ఇచ్చేది 60 సెకన్లు. 10 సెకన్లలో మీరెవరు, 20 సెకన్లలో ఎవరికి ఏ ఇబ్బంది ఉంది, 15 సెకన్లలో దానికి మీరు ఏం చేయబోతున్నారు, మిగిలిన 15 సెకన్లలో ఐడియా పేరు, మీకు కావలసిన మనుషులు. చివరి ముక్కను చాలామంది వదిలేస్తారు, తీరా చూస్తే డిజైనర్ ఒక్కరూ దొరకరు. ‘ఒక డిజైనర్, అమ్మకాలు తెలిసిన ఒకరు కావాలి’ అని విడమరిచి చెప్పండి. పేరు పలకడానికి తేలిగ్గా ఉండాలి, ఎందుకంటే ఓటేసేటప్పుడు గోడమీద అంటించిన ఐడియాల్లో జనం వెతికేది దాన్నే.

ఐడియా ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని దాచుకుంటే ఇక్కడ పని జరగదు. విన్నది బయటపెట్టబోమన్న ఒప్పందం మీద సంతకం పెట్టి వినే ఓపిక ఎవరికీ ఉండదు. మీ ఐడియాకు ఓట్లు రాకపోతే బెంగ పెట్టుకోకుండా మరో టీమ్‌లో చేరండి. చేరేముందు ఐడియా కన్నా, ఆ ఇబ్బంది పడుతున్నవాళ్లు రేపు పగలు చేతికి అందుతారా లేదా అన్నది చూడండి. ఆసుపత్రుల కొనుగోలు అధికారులకు అమ్మే సరుకైతే వారాంతంలో ఒక్కరూ ఫోన్ ఎత్తరు. ఇంట్లో పిల్లల్ని చదివించే తల్లిదండ్రులకైతే శనివారమే మంచిరోజు.

టీమ్ నలుగురైదుగురు చాలు. నలుగురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జంటలు 6, ఎనిమిది మందైతే 28. పని పంచడానికే సగం రోజు పోతుంది. రాత్రి విడిపోయేముందు మూడు సంగతులు గ్రూప్‌లో మెసేజ్‌గా పెట్టుకోండి: రెండు వైపులా సమానంగా ఉన్నప్పుడు తుది మాట ఎవరిది, ఎవరు ఏ పని చూస్తారు, పోటీ అయ్యాక ఈ కోడ్, డిజైన్ ఎవరు వాడుకోవచ్చు. వాటాల గురించి ఇప్పుడు మాట్లాడితే తగవు తప్ప మరేమీ తేలదు.

శనివారం: గది బయట

ఉదయం 10కల్లా టీమ్‌లో సగం మంది బయటికి వెళ్లాలి. మిగతా సగం ఒక్క పేజీ వెబ్‌సైట్ తయారుచేస్తుంది: పైన ఒక వాక్యం, కింద ధర, ఒక బటన్. ధర లేకుండా పేరు నమోదు చేయించుకుంటే వచ్చే అంకె మర్యాదకు పెట్టిన సంతకాల లెక్కే.

అడిగే తీరులోనే సగం ఫలితం ఉంది. ‘ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?’ అంటే ఎదుటివాళ్లు మొహమాటానికి ‘ఆఁ, వాడతాం’ అంటారు. జరిగిపోయినదాన్ని అడగండి. పోయినసారి ఈ ఇబ్బంది ఎప్పుడొచ్చింది? అప్పుడు ఏం చేశారు? ఎంత ఖర్చయింది, ఎంత సమయం పట్టింది? వేరే దారి వెతికారా? దారి వెతకనే లేదంటే ఆ ఇబ్బంది డబ్బు పెట్టేంత పెద్దది కాదు. మీ ఐడియా చివరి రెండు నిమిషాల్లోనే చెప్పండి, లేకపోతే జవాబులన్నీ దానివైపే వంగిపోతాయి. ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒకరు అడగాలి, ఒకరు అన్నమాటను అన్నట్టే రాసుకోవాలి. ఆ మాటలే ఆదివారం స్లైడ్ మీదికి వస్తాయి. ఒకే రకం మనుషులు పదిహేను మందితో మాట్లాడడం ఐదు రకాల వాళ్లతో ముగ్గురేసి చొప్పున మాట్లాడడం కన్నా మేలు, ఎందుకంటే అప్పుడే మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి.

మధ్యాహ్నం 3కి అందరూ కూర్చోండి. విన్న దాంట్లో మీ ఊహకు అడ్డం తగిలిందేమిటో ముందు చెప్పుకోండి. ఐడియా మార్చాలంటే ఇదే సమయం. సాయంత్రం దాటాక మారిస్తే కొత్త ఐడియాను అడిగి చూడడానికి జనం దొరకరు. అప్పటి నుంచి తగ్గించుకోవడమే తప్ప మార్చడం వద్దు.

సలహాలిచ్చే అనుభవజ్ఞులు, అంటే మెంటార్లు, వచ్చి పోతుంటారు. ముగ్గురు మూడు దారులు చూపిస్తారు, టీమ్ తికమకపడుతుంది. ఒక్కో మెంటార్‌కు పావుగంట, ముందే రాసుకున్న ఒకే ప్రశ్న, వినేది ఇద్దరే. మిగతావాళ్లు తలెత్తనవసరం లేదు.

ఏం కట్టాలి, ఏం వదలాలి

లాగిన్, పాస్‌వర్డ్ మార్చుకునే పేజీ, సెట్టింగ్‌లు వదిలేయండి. కస్టమర్ మీ దగ్గరికి ఏ పని కోసం వస్తాడో ఆ ఒక్క పని మొదటినుంచి చివరిదాకా నడిస్తే చాలు. వెనకాల మనిషి చేత్తో చేసినా ఫర్వాలేదు: ఫారమ్‌లో వచ్చిన అభ్యర్థనను మీలో ఒకరు చూసి మెసేజ్‌లో జవాబు పంపితే, కోడ్ లేకుండానే సేవ నడిచినట్టు. నిజం కస్టమర్ ఒకరికి అలా చేసిపెట్టారంటే, తళతళలాడే ఖాళీ యాప్ కన్నా జడ్జీలకు అదే ఎక్కువ నచ్చుతుంది. ఏది చేత్తో చేశారో మాత్రం దాచకండి.

వారాంతంలో తెమలని పనులు కొన్నున్నాయి. యాప్ స్టోర్ రివ్యూ ఆదివారం సాయంత్రానికి అవుతుందన్న నమ్మకం లేదు, కాబట్టి ఫోన్ బ్రౌజర్‌లో నడిచేది కట్టండి. పేమెంట్ గేట్‌వేలో (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సేవలో) అసలు డబ్బు తీసుకోవాలంటే పత్రాల పరిశీలన ఉంటుంది, ఉత్తుత్తి చెల్లింపులు చూపే టెస్ట్ మోడ్‌తో సరిపెట్టుకోండి. ఉచిత హోస్టింగ్‌లో కొన్ని సర్వర్లు కాసేపు ఎవరూ రాకపోతే నిద్రలోకి జారుకుంటాయి. మళ్లీ లేవడానికి నిమిషం దాకా పట్టవచ్చు. డెమోకు ముందు ఒకసారి పేజీ తెరిచి లేపి ఉంచాలి.

రాత్రి ఐదారు గంటలు పడుకోండి. తెల్లవారుజామున 3 గంటలకు రాసిన కోడ్‌లో తప్పులు వెతకడమే ఆదివారం ఉదయం పని అవుతుంది.

ఆదివారం: లెక్కలు, ప్రదర్శన

మధ్యాహ్నం 12 తర్వాత కొత్త కోడ్ ఆపేయండి. వెంటనే డెమోను 60 నుంచి 90 సెకన్ల వీడియోగా రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకోండి. వేదిక మీద నెట్ పోయినా అది ఆదుకుంటుంది. స్లైడ్లకు పీడీఎఫ్ కాపీ ఉండాలి, వేరే కంప్యూటర్‌లో ఫాంట్లు చెదిరిపోతాయి.

‘ఇంత పెద్ద మార్కెట్‌లో ఒక్క శాతం దొరికినా చాలు’ అనే స్లైడ్ వద్దు, అది విని విని జడ్జీలకు విసుగొచ్చేసింది. కింది నుంచి లెక్క కట్టండి: చేరుకోగల కస్టమర్లు ఎందరు, ఒక్కొక్కరు ఏడాదికి ఎన్నిసార్లు కొంటారు, ఒక్కోసారి ఎంత ఇస్తారు. మూడింటినీ గుణించండి. కస్టమర్‌ను తెచ్చుకునే ఖర్చు కూడా చెప్పాలి. ప్రకటన మీద 100 క్లిక్‌లకు ముగ్గురు కొంటే, ఒక కస్టమర్ ఖరీదు ఒక క్లిక్ ఖరీదుకు సుమారు 33 రెట్లు. ఆ మొత్తం అతని వల్ల మిగిలే లాభాన్ని మించితే ధరైనా మారాలి, అమ్మే దారైనా మారాలి.

జడ్జీలు సాధారణంగా చూసేవి మూడు: కస్టమర్లతో నిర్ధారించుకున్నారా, వ్యాపార పద్ధతి నిలబడుతుందా, తయారీ, డిజైన్ ఎలా ఉన్నాయి. ఐదు నిమిషాలు ఇస్తే 40 సెకన్లు ఇబ్బందికి, 70 కస్టమర్లు చెప్పినదానికి, 80 డెమోకు, 70 లెక్కలకు, 20 పోటీదారులకు, 20 టీమ్‌కు. మాట్లాడేది ఒక్కరే అయితే మేలు, మైకు చేతులు మారినప్పుడల్లా సెకన్లు పోతాయి. గడియారం పెట్టి కనీసం ఐదుసార్లు రిహార్సల్ చేయండి. తెలియని ప్రశ్న వస్తే కల్పించకుండా, ‘అది ఇంకా పరీక్షించలేదు, ఫలానా విధంగా తెలుసుకుంటాం’ అనండి.

ఫలితాలు వచ్చాక హాలు ఖాళీ అయ్యేలోపు డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా), రిపాజిటరీ, నమోదైనవాళ్ల జాబితా ఎవరి అకౌంట్‌లో ఉన్నాయో రాసుకోండి. కొనసాగించేదీ లేనిదీ వారంలోపు ఒకరోజు కూర్చుని తేల్చండి. ఆపేస్తున్నట్టయితే నమోదైనవాళ్లకు ఒక మెయిల్ పంపి వారి వివరాలు చెరిపేయండి. ముందుగా డబ్బు కట్టినవాళ్లుంటే ఆ మెయిల్ కన్నా ముందే వాళ్ల డబ్బు వాళ్లకు చేరాలి.