క్రాస్‌కంట్రీ కంచెలు దూకించే ముందు

క్రాస్‌కంట్రీ అంటే ఆరుబయట నేలలో పాతిన కంచెల మీదుగా గుర్రాన్ని పరుగెత్తించే పోటీ. ముందు గుర్రం కాళ్లతో మొదలుపెట్టండి. కంచె దాటి దిగేటప్పుడు ముందు ఒక్క ముందుకాలే నేలను తాకుతుంది. ఆ క్షణంలో గుర్రం బరువుకు మించిన భారం దానిపై పడి, గిట్ట పైనున్న కీలు కిందికి కుంగుతుంది, కాలి వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి పట్టీ) బాగా సాగుతుంది. అందుకే జీను వేయకముందే నాలుగు కాళ్లూ తడిమి చూడండి. నిన్న లేని వేడి, వాపు ఉంటే ఈరోజు దూకించవద్దు. ఆ స్నాయువు దెబ్బతింటే కోలుకోవడానికి నెలలు పడుతుంది.

నాడాలు, జీను పట్టీలు ఎలాగూ చూస్తారు.

ముక్కుపట్టీ మాత్రం చాలామంది అతిగా బిగిస్తారు. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు. గాలప్‌లో (పూర్తి వేగపు పరుగులో) అంగకో ఊపిరి చొప్పున తీస్తుంది, దూకినప్పుడు ఆ లయ తెగుతుంది. ముక్కు ఎముకపై రెండు వేళ్లు దూరేంత వదులుంచండి.

వార్మప్‌లో నడక, ట్రాట్ (నెమ్మది పరుగు), క్యాంటర్ (మధ్యరకం పరుగు), ఆపైన కొన్ని చిన్న కంచెలు. పైకి తోసేది వెనక కాళ్లే, అవి బిగుసుకుని ఉంటే అంచనా తప్పుతుంది. ఇక్కడ కంచెలు తగిలితే పడిపోయే కర్రలు కావు.

కోర్సంతా ముందే నడిచి చూడండి. అవతల నేల పల్లంగా ఉన్న కంచెల దగ్గర దిగే దెబ్బ ఎక్కువ. గుర్రానికి నుదుటికి ఎదురుగా, దగ్గర్లో ఉన్నది కనబడదు. తల ఎత్తి దూరం చూసుకోవడానికి కళ్లెం కాస్త వదలాలి.

పొద్దున్నే నాడి రాసుకోండి. విశ్రాంతిలో నిమిషానికి 28–44 ఉంటుంది, గాలప్‌లో 200 దాటుతుంది. పరుగు తర్వాత ఎంత త్వరగా దిగుతోందో పోల్చడానికి ఆ అంకె కావాలి. చల్లబరిచే నీళ్లు ముగింపు గీత దగ్గర సిద్ధంగా పెట్టించండి.