పాత రాతి వంతెన ఎలా కట్టారో తెలియాలంటే కిందికి దిగండి

పాత వంతెన చూడ్డానికి వెళ్లి, పైన నిలబడి ఫొటో దిగి వచ్చేస్తే నాకు బాధగా ఉంటుంది. పైనున్న రోడ్డు, పిట్టగోడ తర్వాతెప్పుడో మార్చి ఉంటారు. కట్టినవాళ్ల చేతిపని మిగిలేది కమాను కిందే. నీళ్లు బాగా తగ్గిన రోజుల్లో, వెలుతురు ఏటవాలుగా పడే ఉదయం పూట వెళ్లండి. వరద ఉన్నప్పుడు మాత్రం అటు వెళ్లకండి.

కమాను ఎక్కడ మొదలవుతుందో అక్కడ పొడుచుకొచ్చిన రాళ్లో, చదరపు గుంతలో ఉన్నాయేమో చూడండి. నేను ముందుగా వెతికేవి అవే. చివరి రాయి పడేదాకా కమాను సొంతంగా నిలబడలేదు. అందుకే కింద చెక్కతో సెంట్రింగ్ కట్టి, రెండు వైపుల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన రాయి బిగించాకే చెక్క తీసేవారు. ఆ దూలాలు ఆనుకున్న గుర్తులే ఇవి. ఫ్రాన్సులో నీటి కాలువ కోసం రోమన్లు కట్టిన పోన్ దు గార్ మీద అలాంటి రాళ్లను పని అయ్యాక కూడా చెక్కేయలేదు, ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని చూస్తే పరంజా ఎక్కడ నిలిపారో మనమే ఊహించుకోవచ్చు.

తర్వాత కమాను ఎంత చదునుగా ఉందో చూడాలి. టేపు అక్కర్లేదు. సరిగ్గా ఎదురుగా నిలబడి, ఫోన్ వంచకుండా ఫొటో తీసి, దాని మీదే స్కేలు పెట్టి కమాను వెడల్పు, అది మొదలయ్యే చోటి నుంచి నడినెత్తి దాకా ఎత్తు కొలవండి. ఎత్తు వెడల్పులో సగం ఉంటే అది అర్ధవృత్తం. అంతకంటే బాగా తక్కువగా ఉంటే ఆ కమాను ఒడ్డును పక్కకు గట్టిగా నెడుతోందన్నమాట. వెడల్పు, బరువు అవే ఉండి ఎత్తు సగానికి తగ్గితే ఆ తోపుడు ఇంచుమించు రెట్టింపవుతుంది. కాబట్టి పగుళ్లు, రాళ్లు జరిగిన జాడలు ఒడ్డు గోడల దగ్గర కూడా తప్పకుండా వెతకండి.

చదును కమాను అనగానే నాకు చైనాలోని ఆంజీ వంతెన గుర్తొస్తుంది. లీ చున్ అనే ఆయన దాన్ని 605లో పూర్తిచేశారు. సుమారు 37 మీటర్ల వెడల్పుకు ఎత్తు 7 మీటర్లే! పెద్ద కమాను రెండు భుజాల మీదా రెండేసి చిన్న కమానులు తెరిచి ఉంచారు. దాంతో బరువూ తగ్గింది, వరద నీటికి దారీ దొరికింది. ఆ ఆలోచనకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

స్తంభాలకు ఎగువ వైపు కోసుగా ముక్కు ఉంటే అది ప్రవాహాన్ని చీల్చడానికి. స్తంభం అడుగున మట్టి కోసుకుపోయిందా అన్నది కూడా గమనించండి, చాలా వంతెనల్ని కూల్చేది అదే. కమాను లోపలి వైపున పొడవునా ఒక అతుకు గీత, దానికి అటూ ఇటూ వేర్వేరు రాళ్లు కనిపిస్తే తర్వాత వంతెనను వెడల్పు చేశారని అనుకోవచ్చు.

చివరగా రాళ్ల మధ్య సందులు చూడండి. పాత సున్నం మెత్తగా ఉండి తేమను బయటికి వదులుతుంది. దాని మీద గట్టి సిమెంటు పూస్తే తేమ రాతిలోనే చిక్కుకుని రాయి పెచ్చులూడుతుంది. అలాంటి మరమ్మతు జరగబోతోందని తెలిస్తే ముందే ప్రతి కమానుకూ ఫొటోలు తీసి తేదీ వేసి పెట్టుకోండి, సున్నంతోనే చేయమని అధికారులకు రాతపూర్వకంగా అడగండి.